అక్కకి నాలుగు సెకన్లు

ఏటా కళాకారుల సంఘం వార్షికోత్సవంలో అవార్డులు ఇవ్వడం అయిపోయి, సన్మానాలు అయిపోయి, వందన సమర్పణ చేసే ఆయనకి కూడా నోరెండిపోయి, జనం భోజనాల గది వైపు ఓరచూపులు చూడ్డం మొదలుపెట్టే వేళకి హాల్లో దీపాలు ఆర్పేసి ఒక చిన్న సినిమా వేస్తారు. ఆ ఏడాది పోయినవాళ్ళ సినిమా అది. నటులు, పాటగాళ్ళు, దర్శకులు, బొమ్మలు గీసినవాళ్ళు, ఫ్లూటు ఊదినవాళ్ళు ఒక్కొక్కరే తెర మీదికొచ్చి, నాలుగు సెకన్లు నవ్వి వెళ్ళిపోతారు. బాగా పెద్దవాళ్ళయితే ఎనిమిది సెకన్లు నవ్వుతారు. దాని పేరు నివాళి. దాన్ని తయారుచేసే మనిషిని అందరూ కత్తెర అంటారు.

ఫిల్మును చేత్తో కోసి చేత్తో అతికించే రోజుల్లో ఎడిటింగ్ గదిలో చేరాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు ఫిల్మూ లేదు, కత్తెరా లేదు. కంప్యూటరు ముందు కూర్చుని మీటలు నొక్కుతాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. భార్య కూడా చుట్టాలతో మాట్లాడేటప్పుడు "మా కత్తెర ఇంకా రాలేదు" అనే అంటుంది.

చావు ఎవరి చేతిలోనూ లేకపోయినా, ఆ తర్వాతి నాలుగు సెకన్లు మాత్రం కత్తెర చేతిలో ఉన్నాయని ఆ రంగంలో అందరికీ తెలుసు. అందుకని ఉత్సవం దగ్గర పడేకొద్దీ అతని గది ముందు చెప్పులు పెరుగుతాయి. ఒక కెమెరామన్ గారి భార్య తెచ్చిన ఫొటోలో ఆయన ఇప్పటి తన కొడుకు కంటే చిన్నగా ఉన్నాడు. "మరీ కుర్రతనంలోది కదమ్మా" అంటే, "మా పెళ్ళికి ముందుది బాబూ. ఆ తర్వాత ఆయన కళ తగ్గిపోయింది" అంది. ఎందుకు తగ్గిందో ఆవిడా చెప్పలేదు, ఇతనూ అడగలేదు. ఒక దర్శకుడి అన్నదమ్ములు ముగ్గురూ కలిసొచ్చి, మావాడికి ఎనిమిది సెకన్లు ఇవ్వకపోయినా సర్దుకుంటాం గానీ ఫలానా దర్శకుడికి మాత్రం ఇవ్వొద్దని, టీ తాగి, చెప్పి వెళ్ళారు. ఆ ఫలానా దర్శకుడూ పోయినవాడే. పోయాక కూడా పోటీ తగ్గలేదు.

బతికున్నవాళ్ళు కూడా వదిలేవాళ్ళు కాదు. ఒకప్పుడు విలన్ వేషాలు వేసిన పెద్దాయన ఏటా ఫోన్ చేసేవాడు.

"ఏమయ్యా కత్తెరా, నా వంతొచ్చినప్పుడు గుర్రం మీదున్న ఫొటో వెయ్యి. మర్చిపోకు."

"తప్పకుండా సార్."

"గుర్రం ఎలాగూ పోయింది. దానికీ నివాళి అయిపోతుంది."

"అలాగే సార్."

"అలాగే అంటే, తొందరేం లేదు. నెమ్మదిగానే."

ఇన్నేళ్ళూ కత్తెర ఈ పనిని పెద్దగా మనసుకి పట్టించుకోకుండా చేశాడు. పోయినవాళ్ళతో గొడవ ఉండదు, వాళ్ళు కట్ బాలేదనరు, ఇంకో రెండు ఫ్రేములు పెంచమనరు. ఇలా జోకులేసుకుంటూ లాక్కొచ్చాడు. ఈ ఏడాది మాత్రం పోయినవాళ్ళలో అతని అక్క ఉంది.

అక్క డబ్బింగ్ ఆర్టిస్టు. అంటే తెర మీద వేరేవాళ్ళు పెదాలాడిస్తే చీకటి గదిలో నిలబడి వాళ్ళకి గొంతిచ్చే మనిషి. ముప్ఫై ఏళ్ళు ఆవిడ ప్రేమించింది, అలిగింది, కోర్టుల్లో వాదించింది, బిడ్డల్ని కని పోగొట్టుకుంది. ఒక్కసారి కూడా తెర మీద కనపడలేదు. అమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది, చదువు అబ్బకపోతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఎడిటింగ్ గదిలో కూర్చోబెట్టింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఆవిడ గొంతు ఇరవై ఏళ్ళ పిల్ల గొంతులాగే ఉండేది. వార్డులోకి వచ్చిన కొత్త నర్సు కర్టెన్ బయట నుంచి విని, పేషెంటు కూతురు మాట్లాడుతోందనుకుంది.

"ఒరేయ్, నివాళిలో నాకూ ఓ ముక్క ఇస్తావా, లేకపోతే అలవాటు కొద్దీ కోసేస్తావా?" అనడిగింది ఒక మధ్యాహ్నం.

"నీకు ఎనిమిది సెకన్లు ఇస్తానే."

"ఎనిమిదా! ఈ మొహం అంతసేపు ఎవరు చూస్తార్రా. నాలుగు చాలు. కానీ మాట ఇవ్వు."

"ఇచ్చాను."

"చెయ్యి వెయ్యి."

చెయ్యి వేశాడు. అది నాలుగు నెలల కిందటి మాట.

*

మొదటి చిక్కు ఫొటో దగ్గరొచ్చింది. బావ ఇంట్లో డబ్బాలన్నీ దింపి, ఇద్దరూ నేల మీద కూర్చుని వెతికారు. టీవీ తన మానాన తను మోగుతూ ఉంది.

కుటుంబం ఫొటోల్లో అక్క దాదాపు లేదు. ఇంట్లో ఉన్న ఫొటోల్లో సగం ఆవిడే తీసినవి. మిగిలినవాటిల్లో ఎవరిదో భుజం వెనక చెవి ఒకటి, చెయ్యి ఒకటి. స్టూడియోలో తీసింది ఒకటి దొరికింది గానీ అందులో మొహం ఉండాల్సిన చోట మైకు ఉంది. పాస్‌పోర్టుకి తీయించుకున్న ఫొటోలో, పోలీసులు చాలాకాలంగా వెతుకుతున్న మనిషిలా ఉంది.

బావ నీటి సరఫరా ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ఏ పనైనా ముందే ఆలోచించి పెట్టుకుంటాడు. వెతుకులాట అంతా అయ్యాక, జేబులోంచి ఒక ఫొటో తీసి నేల మీద పెట్టాడు.

"ఇది వెయ్యవోయ్. సోఫా బ్రహ్మాండంగా పడింది."

నిజంగానే పడింది. సోఫా కొన్న రోజు తీసిన ఫొటో అది. సోఫా అంతా కనపడాలని భార్యని ఒక చివరికి జరిపి కూర్చోబెట్టాడు. ఆవిడ ఆ మూల ఒదిగి కూర్చుని నవ్వుతోంది. సోఫాకి వేసిన ప్లాస్టిక్ కవరు తళతళ మెరుస్తోంది. ఆ కవరు ఇప్పటికీ తియ్యలేదు. ఎవరైనా కూర్చుంటే చర్రుమంటుంది.

"నివాళి సోఫాకి కాదు బావా."

"నాకు తెలీదూ! మనిషి వెనక ఏదో ఒకటి ఉండాలి కదా. ఉత్త గోడ ఉంటే అద్దె ఇల్లనుకుంటారు."

"ముందే జేబులో పెట్టుకుని ఇంతసేపు నాచేత డబ్బాలెందుకు దింపించావు?"

"ఇంతకంటే మంచిది ఉందేమోనని" అన్నాడు బావ. కాసేపాగి, "లేదు కదా" అన్నాడు.

కత్తెర ఆ ఫొటోని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. మూల ఒదిగి కూర్చున్నా నవ్వు మాత్రం అక్కదే.

"మా వాళ్ళందర్నీ పిలిచాను ఉత్సవం రోజు సాయంత్రానికి" అన్నాడు బావ. "టీవీలో లైవ్ కదా. మా పెద్దన్నయ్య వస్తానన్నాడు. ముప్ఫై ఏళ్ళ నుంచీ అడుగుతున్నాడోయ్, మీ ఆవిడ సినిమాల్లో ఏం చేస్తుందీ అని. మాట్లాడుతుంది అన్నయ్యా అంటే, ఇంట్లోనూ మాట్లాడుతుందిగా, ఆ మాత్రానికి అంత దూరం వెళ్ళడమెందుకు అంటాడు. ఈసారి చూస్తాడు. పేరు కూడా వేస్తారు కదా కింద?"

"వేస్తారు బావా."

"పెద్ద అక్షరాలు వెయ్యి. అన్నయ్యకి చత్వారం."

*

సంఘం కార్యదర్శి ఒకప్పుడు సినిమాల్లో డాక్టరు వేషాలు వేసేవాడు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తీసి, "సారీ, మా చేతుల్లో ఏమీ లేదు" అనే డాక్టరు. ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ ఏదైనా కాదనాలంటే ముందు కళ్ళజోడు తీస్తాడు.

కత్తెర విషయం సగం చెప్పగానే కళ్ళజోడు తీశాడు.

"కత్తెరా, నీ బాధ నాకు అర్థమైంది. కానీ నివాళికి ఒక పద్ధతుంది. మొహం చూడగానే జనం అయ్యో అనాలి. ఈ ఫొటో వేస్తే ఎవరీవిడ అంటారు. పక్కవాణ్ణి అడుగుతారు. వాడికీ తెలీదు. నాలుగు సెకన్లూ అలా అడగడంలోనే పోతాయి."

"పాటలు రాసే ఆయన్ని వేశాం కదండీ పోయినేడు. ఆయన మొహం ఎవరికి తెలుసు?"

"ఆయన గడ్డం తెలుసు."

గడ్డం విషయంలో అక్కని సమర్థించడానికేమీ లేదు.

"మొహం తెలియకపోతే గొంతు తెలుసు కదండీ" అన్నాడు కత్తెర చివరికి. "ఫొటో మీద గొంతు వేస్తాను. వినగానే అందరూ గుర్తుపడతారు."

"నివాళిలో ఎవరూ మాట్లాడరోయ్. వెనక వయొలిన్ ఉంటుంది. పోయినవాళ్ళు మాట్లాడితే భోజనాలు సహించవు జనానికి."

"ఒక్క ముక్కండీ."

కార్యదర్శి కళ్ళజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. కత్తెర ఇన్నేళ్ళలో సంఘాన్ని ఏమీ అడగలేదని ఆయనకీ తెలుసు.

"ఆవిడ గొంతు ఎక్కువగా వాడింది ఎవరికి? మన హీరోయిన్ గారికేగా. ఆవిడ మన ఉపాధ్యక్షురాలు. బయట జనం అది ఆవిడ సొంత గొంతే అనుకుంటున్నారు, తేనె గొంతు అని బిరుదు కూడా ఇచ్చి కూర్చున్నారు. రేపు నువ్వు గుట్టు రట్టు చేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. వెళ్ళి ఆవిణ్ణి అడుగు. ఆవిడ సరేనంటే నాకేం అభ్యంతరం లేదు. వద్దంటే సోఫా కూడా ఉండదు."

*

హీరోయిన్ గారికి సినిమాలు తగ్గి చాలాకాలమైంది. అయినా అందరూ హీరోయిన్ గారనే అంటారు, ఆవిడా ఆ పిలుపుకే పలుకుతుంది. తలుపు తీసి, "రండి రండి. ఏమనుకోకండి, కొంచెం జలుబు" అంది.

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి జలుబే. సభల్లో జలుబు, ఇంటర్వ్యూల్లో జలుబు, అవార్డు తీసుకునేటప్పుడు జలుబు. సొంత గొంతు తుప్పుపట్టిన గేటు తీసినట్టుంటుంది. ఎక్కడికెళ్ళినా ముందు ముక్కు తుడుచుకుని తర్వాత మాట్లాడుతుంది. అభిమానులు మిరియాలు, తేనె, కషాయాల సీసాలు పంపిస్తూనే ఉన్నారు. అల్మారా నిండా అవే.

కత్తెర కూర్చుని, తను ఫలానా ఆవిడ తమ్ముణ్ణని చెప్పాడు. హీరోయిన్ గారు ముక్కు తుడుచుకోబోయి ఆగింది.

"ఎలా ఉన్నారు ఆవిడ?"

"పోయింది అమ్మా. నాలుగు నెలలైంది."

ఆవిడ రుమాలు ఒళ్ళో పెట్టుకుంది. గది గోడల నిండా ఆవిడ ఫొటోలే. అన్నిట్లోనూ నోరు తెరిచే ఉంది, ఏదో అంటూనో, నవ్వుతూనో, పాడుతూనో.

"నాకెవరూ చెప్పలేదే" అంది. "నా గొంతు పోయి నాలుగు నెలలైతే, ఒక్కరంటే ఒక్కరు నాకు చెప్పలేదు."

కత్తెర జేబులోంచి సోఫా ఫొటో తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"పేపర్లో వేశారా?"

"వేస్తామన్నారమ్మా. ఆ రోజు ఆ చోట టైర్ల ప్రకటన పడింది."

ఆవిడ రుమాలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత మాట్లాడింది. ఈసారి ముక్కు తుడుచుకోలేదు.

"ఒక్కసారే చూశాను ఆవిణ్ణి. ఏదో ఫంక్షన్లో పక్కపక్కన కుర్చీలు వేశారు, తెలిసో తెలియకో. నేను పలకరించలేదు. ఇద్దరం మాట్లాడుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిసిపోతుందని భయం. ఆవిడకీ అర్థమైంది, ఆవిడా పలకరించలేదు. కాసేపటికి ఆవిడ కుర్రాణ్ణి పిలిచి మంచినీళ్ళడిగింది. నేను ఉలిక్కిపడ్డాను. నేనే అడిగాననుకున్నానండీ! గ్లాసు రాగానే చెయ్యి చాపాను కూడా. ఆవిడ నవ్వి నాకిచ్చేసింది. తనకి మళ్ళీ అడగలేదు."

"అక్క చెప్పలేదు నాకు ఆ సంగతి."

"ఎందుకు చెప్తుంది? ఆవిడ తాగాల్సిన నీళ్ళు నేను తాగడం కొత్తేం కాదు కదా."

కత్తెర అసలు విషయం కదిపాడు. మొదట దారిలో తట్టిన ఆలోచన చెప్పాడు: ఆవిడ సినిమా ముక్కే వేసి, కింద అక్క పేరు వేస్తే ఎలా ఉంటుందని.

"అమ్మో! నన్ను పట్టుకెళ్ళి పోయినవాళ్ళ వరసలో నిలబెడతారా? తెల్లారేసరికి పూలగుత్తులు పట్టుకుని జనం మా గేటు దగ్గరుంటారు."

"కింద పేరు మా అక్కది ఉంటుంది కదమ్మా."

"పేర్లు ఎవరు చదువుతారండీ" అంది ఆవిడ. చదవరని కత్తెరకీ తెలుసు. "మీ అక్క ఫొటో వేసుకోండి. గొంతు వేసుకోండి. నా మొహం వద్దు."

"గొంతుకి మీకు అభ్యంతరం లేదా?"

"ఆవిడ గొంతు ఆవిడకి ఇవ్వడానికి నేనెవర్ని?" ఆవిడ కిటికీ వైపు చూసింది. "ఏ డైలాగు వేస్తారు? కోర్టు సీనా?"

కోర్టు సీను అంటే చెవి కోసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కత్తెర కూడా దాన్నే అనుకున్నాడు.

"వద్దు. అదంతా అరుపు. ఆవిడకి దగ్గొచ్చి మూడు రోజులు మాట రాలేదట దాని తర్వాత. ఇంకొకటుంది. తలుపు దగ్గర మొగుడితో చెప్పి వెళ్ళిపోయే సీను. మళ్ళీ రానని ఆమెకి తెలుసు, వాడికి తెలీదు. నేనందులో ఏమీ చెయ్యలేదండీ. ఆ రోజు కొత్త చెప్పు కరుస్తోంటే మొహం చిట్లించాను. అంతే. తర్వాత ఆవిడ గొంతు పడింది. థియేటర్లు థియేటర్లే ఏడ్చాయి. ఆ చెప్పుకి నాకు అవార్డొచ్చింది."

*

కత్తెర ఆ మర్నాడు ఎడిటింగ్ గది తలుపేసుకుని ఆ సీను తీశాడు. నాలుగు నెలలుగా అక్క గొంతు వినలేదు. టీవీలో పాత సినిమా వస్తుంటే ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. భార్య అడిగితే ఎసిడిటీ అనేవాడు.

ముందు చప్పుడు లేకుండా చూశాడు. హీరోయిన్ గారు గుమ్మంలో నిలబడ్డారు, చెప్పు కరిచింది, మొహం చిట్లించారు. నిజమే, ఇంకేం లేదు. తర్వాత చప్పుడు పెట్టాడు.

"వెళ్ళొస్తాను. తలుపేసుకోండి."

అంతే డైలాగు. దానికి ముందు చిన్న ఊపిరి ఉంది. మాట్లాడబోయి, ఒకసారి ఆగి, తీసుకున్న ఊపిరి. అక్క ట్రాకుల్లో ఊపిర్లు కొయ్యడం ఇన్నేళ్ళూ అతని పనే. మాటలకి ముందొచ్చే ఊపిరి, వెనకొచ్చే ఊపిరి, మింగిన గుటక, అన్నీ తీసి చెత్తలో వేసేవాడు. పాత్రకి కావలసింది మాటే, ఊపిరి కాదు. ఆ సినిమాకి మాత్రం వేరే ఎడిటరు. వాడెవడో బద్ధకస్తుడు, వదిలేశాడు. ఆ బద్ధకానికి కత్తెర మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ ఊపిరితో కలిపితే ముక్క నాలుగు సెకన్లు దాటుతోంది. కొయ్యడానికి వేలు మీట మీదికి దానంతటదే వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాడు. దర్శకుల్లో ఎనిమిది సెకన్ల ఆయన దగ్గర కాస్త గీకి ఇక్కడ కలిపాడు. దాంతో ఆ ముగ్గురు అన్నదమ్ముల కోరిక కూడా కొంత తీరింది.

సోఫాని సాధ్యమైనంత కత్తిరించాడు. అయినా అక్క చెవి పక్కన ప్లాస్టిక్ కవరు మెరుపు కొంచెం మిగిలింది. కింద పేరు వేశాడు. చత్వారం ఉన్నవాళ్ళకి కూడా కనపడేంత పెద్దగా వేశాడు. వయొలిన్‌ని అక్కడ తగ్గించాడు. ఒకసారి వేసి చూసుకున్నాడు. రెండోసారి చూడలేకపోయాడు.

*

ఉత్సవం రోజు కత్తెర హాలు వెనకున్న కంట్రోల్ గదిలో కూర్చున్నాడు. ఎదురుగా రెండు తెరలు. ఒకదాంట్లో తన నివాళి. రెండోదాంట్లో టీవీకి వెళ్తున్న బొమ్మ. హాల్లో నాలుగు కెమెరాలున్నాయి, దేని బొమ్మ టీవీకి పంపాలో పక్కనే కూర్చున్న లైవ్ డైరెక్టరు మీటలు నొక్కి చెప్తాడు. అద్దంలోంచి కిందికి చూస్తే ముందు వరసలో హీరోయిన్ గారి తల కనపడుతోంది.

దీపాలు ఆరాయి. వయొలిన్ మొదలైంది. పెద్ద నటుడు వచ్చాడు, చప్పట్లు మోగాయి. కెమెరామన్ గారు పెళ్ళి కాకముందు మొహంతో వచ్చారు, ఓ మోస్తరుగా మోగాయి. దర్శకుడు వచ్చి, కొంచెం తొందరగా వెళ్ళిపోయాడు. ఎవరూ గమనించలేదు. నివాళిలో చప్పట్లు కూడా ఓట్లలాంటివే, ఎవరి మెజారిటీ ఎంతో జనం మనసులో లెక్కేసుకుంటూ ఉంటారు.

అక్క వచ్చింది. టీవీకి మాత్రం ఇంకా హాల్లో జనం బొమ్మే వెళ్తోంది.

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ సర్దుకున్నారు. కార్యదర్శి చెప్పినట్టే ఒకాయన పక్కవాడి వైపు వంగి ఏదో అడిగాడు, పక్కవాడు పెదవి విరిచాడు. వయొలిన్ తగ్గింది. చిన్న ఊపిరి.

"వెళ్ళొస్తాను. తలుపేసుకోండి."

హాలు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత ఎవరో "ఓహ్" అన్నారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, ఆ సాయంత్రం దేనికీ మోగనంతగా. గుర్తుపట్టారే అక్కా, అనుకున్నాడు కత్తెర. అనుకుంటూనే అద్దంలోంచి చూశాడు.

ఒక్క తలా తెర వైపు లేదు. హాలు హాలంతా లేచి, ముందు వరసలో ఉన్న హీరోయిన్ గారి వైపు తిరిగి చప్పట్లు కొడుతోంది.

లైవ్ డైరెక్టరు బుద్ధిమంతుడు, పని తెలిసినవాడు. ఆ గొంతు వినపడితే ఏ మొహం చూపించాలో చిన్నప్పటి నుంచీ తెలుసు. రెండో కెమెరా మీట నొక్కాడు. టీవీ తెర మీద సోఫా లేదు, అక్క లేదు, పేరు లేదు. హీరోయిన్ గారు ఉన్నారు, నిండుగా.

"అది కాదు! తెర, తెర చూపించు!" అని కత్తెర అరిచాడు.

"ఏ తెర సార్? ఇదే కదా బాగుంది" అన్నాడతను, నొక్కిన మీట మీంచి వేలు తియ్యకుండానే.

కింద హీరోయిన్ గారు చప్పట్లు వినగానే, ముప్ఫై ఏళ్ళ అలవాటు, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. తర్వాత తలెత్తి తెర చూశారు. చెయ్యి గుండె మీంచి తీసేశారు. గబగబా లేచి, వెనక్కి తిరిగి, తెర వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టారు. మైకు లేదు. ముక్కు తుడుచుకోలేదు, జలుబనలేదు, తన సొంత గొంతుతో ఏదో చెప్తూనే ఉన్నారు. జనం ఇంకా గట్టిగా కొట్టారు. ఆవిడ చూపిస్తున్న తెర మీదికి అప్పటికి ఫ్లూటాయన వచ్చేశాడు. పాపం ఆయన బతికుండగా అన్ని చప్పట్లు ఎప్పుడూ విని ఉండడు.

దీపాలు వెలిగాక కార్యదర్శి మెట్లెక్కి వచ్చి, కళ్ళజోడు తియ్యకుండానే కత్తెర భుజం తట్టాడు.

"అదరగొట్టావోయ్! ఆవిడ డైలాగు పెట్టడం భలే ఆలోచన. కాకపోతే మధ్యలో ఆ ఫొటో ఎవరిదయ్యా, కొంచెం అడ్డొచ్చింది" అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది. నాలిక్కరుచుకుని, కళ్ళజోడు తీసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

భోజనాల గది ముందు హీరోయిన్ గారు కనపడ్డారు. చుట్టూ జనం. ఆ గుంపులోంచి కత్తెరని చూసి దారి చేసుకుని వచ్చారు.

"చెప్పానండీ" అంది ఆవిడ. "నాది కాదు, ఆవిడది అని చెప్పాను. ఎవరికీ వినపడలేదు."

"చూశానమ్మా."

"ఇంకోసారి చెప్పనా?"

"వద్దులెండి. మీరు చెప్పారు కదా."

ఈలోగా ఎవరో అభిమాని ఆవిడ చేతిలో తేనె సీసా పెట్టి, గొంతు జాగ్రత్తమ్మా అన్నాడు.

*

కత్తెర వరండాలోకి వచ్చి ఫోన్ తీశాడు. బావ నుంచి ఒక్క కాల్ కూడా లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఈపాటికి ఇంటి నిండా చుట్టాలు. పెద్దన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుని ఉంటాడు. బావ ఏం చెప్పి ఉంటాడు? లోపల ప్లేట్ల చప్పుడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, తిరగడం కూడా అయిపోయాక, ఫోన్ చేశాడు.

"ఆఁ, చెప్పవోయ్" అన్నాడు బావ. వెనక చుట్టాల మాటలు, ప్లాస్టిక్ కవరు చర్రుమనడం వినపడుతున్నాయి.

"బావా, ఫొటో వేశాను. పేరు కూడా పెద్దగానే వేశాను. హాల్లో పడింది. టీవీలోనే, ఆ కెమెరావాళ్ళు..."

"అన్నయ్య చెప్పాడు. ఎవరో హీరోయిన్ని చూపించారటగా. మీ ఆవిడ పెళ్ళిలో ఇంత ఎత్తు లేదే అన్నాడు."

"చూపించారట అంటావేంటి? నువ్వు చూడలేదా?"

చుట్టాల మాటలు దూరమయ్యాయి. బావ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళినట్టున్నాడు.

"లేదోయ్. నేను లేచాను."

"ఎందుకు?"

"తలుపేసుకోమందిగా."

కత్తెర వరండా పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"రోజూ పొద్దున్నే డబ్బింగుకి పోతూ ఆ మాటే కదా అనేది" అన్నాడు బావ. "నేను పేపర్లోంచి తల కూడా ఎత్తేవాణ్ణి కాదు. అలాగే లేచి, అలాగే చదువుకుంటూ వెళ్ళి గడియ పెట్టేవాణ్ణి. ఇందాకా అంతే. కళ్ళు చించుకుని టీవీ ముందే కూర్చున్నాను, ఫొటో ఎప్పుడొస్తుందా అని. ఆ మాట వినపడింది. లేచి వెళ్ళి గడియ పెట్టాను. పెట్టాక గానీ తెలియలేదు. వెనక్కి తిరిగేసరికి టీవీలో ఎవరో ఫ్లూటాయన ఉన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు."

"ఏమన్నారు?"

"ఏమంటారు. అన్నయ్య, ఎవరన్నా వస్తున్నార్రా అనడిగాడు. ఎవరూ రావట్లేదన్నాను."

బావ గొంతు సవరించుకున్నాడు.

"వీళ్ళు వెళ్తామని ఇందాకట్నుంచీ లేచి నిలబడి ఉన్నారోయ్" అన్నాడు. "వెళ్ళాలంటే ఆ గడియ తియ్యాలి కదా. ఇంకాసేపు కూర్చోండి, టీ పెడతానని చెప్పాను. పాలు ఎక్కడుంటాయో కూడా నాకు తెలీదు. ఉండు, వెతుకుతున్నాను."

అటువైపు గిన్నెలు ఒకదాని మీదొకటి కదులుతున్నాయి. కత్తెర ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఫ్రిజ్జులో చూడు బావా" అన్నాడు. "తలుపు దగ్గరే ఉంటాయి."